దీపం పెట్టిన చెయ్యి

ఝాన్సీ రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"ఈ రెండింట్లో మీ నాన్నగారి చేతిరాత ఏదో చెప్పు, దిలీప్."

ఠాణా వెనకగదిలో కూర్చున్న దిలీప్ ఆ కాగితాల వంక బెదురుగా చూశాడు. నున్నటి గుండు, లోతుకుపోయిన కళ్ళు. తండ్రి కర్మ నిన్ననే పూర్తి చేశాడు పాపం. ఇవాళ తెల్లారేసరికి ఆ తండ్రిని చంపింది నువ్వేనంటూ ఇన్‌స్పెక్టర్ మనీష్ తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడితే ఇక జైలే గతి. అతనికి మిగిలింది ఈ ఒక్క మధ్యాహ్నం.

దిలీప్ ఎడంవైపు కాగితం మీద వేలు పెట్టాడు. "ఇదే."

"బాగా చూడు."

"పక్కా ఇదే దీదీ. నాన్న అక్షరాలు ఇలాగే గుండ్రంగా ఉంటాయి."

"తెలుగు అక్షరాలన్నీ గుండ్రంగానే ఉంటాయి నాయనా. ఇది మా అమ్మ రాసుకున్న పనసపొట్టు కూర. మీ నాన్నది ఆ రెండోది. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు అభిమానంతో ఉత్తరం రాస్తే ఆయన పంపిన జవాబు."

దిలీప్ తల దించుకున్నాడు. "నాకు మాట్లాడ్డమే వచ్చు. చదవడం రాదు. స్కూల్లో అంతా హిందీయే కదా. నాన్న కూడా ఎప్పుడూ జబర్దస్తీ చెయ్యలేదు."

"ఆయన నవల ఒక్కటి కూడా చదవలేదా?"

"ఒక్కటీ లేదు."

ఝాన్సీకి ప్రాణం ఉసూరుమంది. కింతలి చంద్రమౌళి అంటే ఏమనుకున్నారు! బిలాస్‌పూర్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో గుమాస్తా పని చేసుకుంటూనే నలభై పైచిలుకు డిటెక్టివ్ నవలలు రాసిన మనిషి. ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి వరంగల్ దాకా బస్టాండు కొట్లల్లో ఆయన పుస్తకం వేలాడని రోజు లేదు. మధ్యలో జీతం లేని సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి సినిమాలకు కథలు రాశాడు. మొదటి రెండూ వందరోజులు ఆడాయి. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఉత్త చేతులతో తిరిగొచ్చి మళ్ళీ అదే పార్శిల్ ఆఫీసులో కూర్చున్నాడు. ఝాన్సీ తెలుగు చదవడం నేర్చుకున్నదే ఆ నవలల కోసం. రైల్వే పోలీసు ఉద్యోగంలో చేరిందీ, అది వదిలేసి స్టేషన్ ఎదురుగా సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచిందీ ఆ పిచ్చితోనే. అంతటి మనిషి కొడుక్కి తండ్రి అక్షరానికీ కూర వంటకీ తేడా తెలియలేదు.

"ఆ బుధవారం సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పు," అంది.

"పొద్దున్న గొడవైంది. కొత్త నవల వెబ్ సిరీస్‌గా తీస్తామని ముంబై కంపెనీవాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. నాన్నేమో ఆఖరి చాప్టర్ ఇంకా రాలేదంటారు. ఏడాది నుంచీ అదే మాట. నాకు గుస్సా వచ్చేసింది. నువ్వు చస్తేగానీ నీ ఆఖరి చాప్టర్ రాదని అరిచాను. మొహల్లా అంతా విన్నారు." అతను గుండు మీద చెయ్యి రాసుకున్నాడు. "బైక్ తీసుకుని చకర్‌భాటా వైపు వెళ్ళిపోయాను. ఎయిర్‌పోర్టు గోడ పక్కన ఒక్కణ్ణే కూర్చున్నాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నాన్న తన రాతగదిలో మంచం మీద… అమ్మ పక్కనే కూర్చుని ఉంది. తల దగ్గర దీపం వెలుగుతోంది. నిద్రలోనే పోయారనుకున్నాం అందరం. అమ్మ ఒక్కతే పోస్టుమార్టం చేయించమంది."

అవును, ఆ మాట అన్నది చంద్రమౌళి భార్య కనకమహాలక్ష్మే. భర్త ప్రాణం పోయిన పూటే శవాన్ని కోయించమని అడిగిందని కాలనీ ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. కోస్తే తేలింది, దిండు అదిమి ఊపిరాడకుండా చేశారని.

"దీపం ఎవరు పెట్టారు?"

"అమ్మే పెట్టుంటుంది. ఎందుకు?"

"ఊరికే. కొత్త నవల దేని గురించో తెలుసా?"

"తెలుగు సమాజంవాళ్ళు సన్మానం చేసినప్పుడు స్టేజీ మీదే చెప్పారు కదా. ఈసారి మన రైల్వే కాలనీ కథే రాస్తున్నాను, చిన్నతల్లి కథ అని. ముప్పై ఏళ్ళ కింద రైలు లైను మీద చచ్చిపోయిందట, పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్ కూతురు. అందరూ సూసైడ్ అన్నారట. కాదు, చంపేశారు, చంపినవాడి పేరు ఆఖరి చాప్టర్లో ఉంటుందని నాన్న అన్నారు."

"సభలో ఎవరెవరున్నారు?"

"బిలాస్‌పూర్ తెలుగువాళ్ళంతా ఉన్నారు. శాలువా కప్పింది బంగార్రాజు మావయ్యే."

ఝాన్సీ కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. "అమ్మ ఇప్పుడెక్కడ?"

"ఇవాళ నిద్రకి వెళ్ళాలి కదా. తఖత్‌పూర్‌లో వాళ్ళింటికి తీసుకెళ్తానన్నారు మావయ్య. అమ్మకి అన్న వరస. పాడె కట్టడం దగ్గర్నుంచి కర్మ దాకా అన్నీ ఆయనే చూసుకున్నారు. ఆయన లేకపోతే మేమేమైపోయేవాళ్ళమో."

కర్మ అయ్యాక భర్త పోయిన మనిషిని పుట్టింటి వరసవాళ్ళు తీసుకెళ్ళి ఒక రాత్రి తమ ఇంట నిద్ర చేయించడం వాళ్ళలో ఆనవాయితీ. కొడుకు ఠాణాలో ఉన్నా ఆనవాయితీ ఆగదు మరి.

పొద్దున్నే మహాలక్ష్మమ్మ తన ఆఫీసుకు వచ్చిన తీరు ఝాన్సీకి గుర్తొచ్చింది. ఏడవలేదు, శోకాలు పెట్టలేదు. "నా కొడుకుని విడిపించమ్మా," అని ఒక్క మాట అంది. లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "నాను ఫోన్ చేస్తే ఎత్తుతావు కదా? నాను చెప్పడం అయ్యేదాకా ఫోన్ మధ్యలో పెట్టీకు," అంది. ముసలావిడ చాదస్తం కాబోలనుకుని ఝాన్సీ సరేనంది.

"అయ్యిందా దీదీ?" గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ మనీష్ నిలబడి ఉన్నాడు. తాతల నాడు విజయనగరం నుంచి వచ్చిన రైల్వే కుటుంబమే అతనిదీ. ఝాన్సీ రైల్వే పోలీసులో ఉన్నప్పుడు ఒక వ్యాగన్ దొంగతనం కేసులో అతను పట్టుకొచ్చిన ముద్దాయి నిర్దోషి అని రుజువు చేసింది. ఆ మంట ఇంకా ఆరలేదు. "నవలలు చదివి కేసులు పట్టేవాళ్ళకి అరగంట చాలు. పదండి బయటికి."

"నేను రాతగది చూడాలి."

"చూసి ఏం చేస్తారు? దిండు దొరికింది, గొడవకి సాక్షులు దొరికారు, కొడుకు దొరికాడు. ఇంకేం కావాలి?"

"ఆ గదిలోంచి ఏం పోయిందో కావాలి."

"ఏమీ పోలేదు. కాగితాల కట్టలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సీల్ వేసింది నేనే."

"చదివారా?"

మనీష్ మొహం బిగుసుకుపోయింది. "నా పని చదవడం కాదు."

"అయితే నా పని అది. పదండి. ఏమీ పోలేదని మీరు అన్న మాట అక్కడే నిలబడి మళ్ళీ అందురుగాని."

పంతానికి పోయి జీపు తీశాడతను.

బిలాస్‌పూర్‌లోనే తోర్వా పేటలో చంద్రమౌళి రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు అది. మనీష్ సీలు విప్పి రాతగది తలుపు తెరిచాడు. మూసిన గదిలో పాత కాగితం వాసన గుప్పుమంది. ఒక మంచం, కిటికీ పక్కన బల్ల, కుర్చీ, గోడ నిండా అరలు, అరల నిండా కట్టలు.

ఝాన్సీ ఒక్కొక్క కట్ట విప్పుతూ పైకే చదివింది. "ఇది పాత నవల. ఇది టీవీ సీరియల్ స్క్రిప్టు. ఇది సన్మానానికి రాసుకున్న ఉపన్యాసం. ఇదేమో కరెంటు మీటరు మార్చమని పిటిషన్ చిత్తుప్రతి." బల్ల మీదివి అయ్యాయి, సొరుగు అయింది, అరలు అయ్యాయి, మంచం కింద ట్రంకుపెట్టె కూడా అయింది. ఆమె నడుం నిమురుకుంటూ లేచింది. "ఏడాదిగా రాస్తున్న కొత్త నవల ఒక్క పేజీ కూడా లేదు ఇన్‌స్పెక్టర్ గారూ."

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదా…"

"మీ కళ్ళకి ఒకేలా ఉన్నాయి. ఇన్ని కట్టల్లోంచి సరిగ్గా అదొక్కటే ఏరుకుని పట్టుకెళ్ళాడంటే వాడికి తెలుగు చదవడం వచ్చు. దిలీప్‌కి రాదు. ఇందాక మా అమ్మ రాసుకున్న పనసపొట్టు కూర కాగితం చూపిస్తే వాళ్ళ నాన్న రాతే అన్నాడు."

మనీష్ వెంటనే లొంగే రకం కాదు. "చదవడం వచ్చినవాణ్ణి వెంట తెచ్చుకుని ఉండొచ్చు. కోర్టులో మీ పనసపొట్టు చెల్లదు దీదీ."

అదీ నిజమే. ఝాన్సీ పళ్ళు కొరుక్కుంది. అప్పుడే ఆమె చూపు తలుపు వెనక్కి పోయింది. అక్కడ ఒక పీట వేసి ఉంది. పీట వెనక గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో, అరచేతి వెడల్పున నూనె మరక. ఏళ్ళ తరబడి ఒక తల అక్కడే ఆనితే తప్ప సున్నంలోకి అంత లోతుగా ఇంకదు.

"ఇక్కడ ఎవరు కూర్చునేవాళ్ళు?"

"ముసలాయనే కూర్చునుంటాడు."

"ఆయనకి మోకాళ్ళ నొప్పులు, పీట మీద కూర్చుంటే లేవలేడు. పైగా పూర్తి బట్టతల. బట్టతలకి ఎవరైనా ఇంత నూనె రాస్తారా?" ఝాన్సీ వంగి ఆ మరక వాసన చూసింది. కొబ్బరినూనె. "నేను రాసేటప్పుడు గదిలోకి పిట్టను కూడా రానివ్వను అని ప్రతి ఇంటర్వ్యూలో చెప్పేవాడు ఈయన. నేను చదివాను కాబట్టి చెబుతున్నాను. మరి ఈ పీట ఎవరిది?"

మనీష్ విసుగ్గా గడియారం చూసుకున్నాడు.

"మీరు ఆ రోజు తీసిన ఫోటోలు చూపించండి."

"శవం ఫోటోలు చూసి…"

"చూపించవయ్యా బాబూ!"

అతను సెల్ ఫోన్ చేతికిచ్చాడు. మంచం మీద చంద్రమౌళి, దుప్పటి గుండెల దాకా కప్పి ఉంది. తల పక్కన నేల మీద మట్టి ప్రమిదలో దీపం. నేల మీద కూడా కాదు. స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి దాని మీద పెట్టారు ప్రమిదని. ఝాన్సీ ఆ బొమ్మని పెద్దది చేసి చూసింది. ఇలాంటి దీపాన్ని తను ఇంతకుముందు చూసింది. ఎక్కడ చూసిందో గుర్తు రాగానే, అందులో వింతేముంది, అప్పుడు పెట్టిన మనిషి ఊళ్ళో ఏ చావింట్లోనైనా అలాగే పెడతాడు కదా అని సర్దిచెప్పుకుంది. అయినా ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

"పక్కింటి సింహాచలం గారిని పిలవండి," అంది.

సింహాచలం ఒకప్పుడు రైల్వే టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్. చంద్రమౌళికి చిన్ననాటి స్నేహితుడు. మహాలక్ష్మమ్మ కేక విని మొదట లోపలికి పరుగెత్తుకొచ్చింది అతనే. చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, గదిలోకి అడుగు పెట్టకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బాబాయి గారూ, మీరు వచ్చేసరికి ఇక్కడ ఏముంది?"

"ఏటుంటాదమ్మా? మహాలక్ష్మమ్మ బుధవారి బజారు నించి అప్పుడే వచ్చింది. కూరల సంచీ ఇంకా చేతిలోనే ఉంది. అలాగే నిలబడిపోయి ఆయన్ని చూస్తంది."

"దీపం?"

"వెలుగుతంది."

"సంచీ చేతిలో ఉండగానే వెలుగుతోందా? మరి ఎవరు పెట్టినట్టు?"

సింహాచలం మంచం తలాపి వైపు చూశాడు. పన్నెండు రోజుల నుంచీ ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. చావు జరిగిన ఇంట్లో దీపం ఉంటుంది, ఎవరో ఒకరు పెడతారు, ఎవరని ఎవరడుగుతారు? "ఆమె పెట్టిందని నాను, నాను పెట్టానని ఆళ్ళూ అనుకున్నామేటో," అన్నాడు మెల్లగా.

"మనిషి పోయాడని అందరికంటే ముందు తెలిసినవాడు పెట్టాడు," అంది ఝాన్సీ.

మనీష్ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. ఈసారి గడియారం చూసుకోలేదు.

"ఇంకొక్క సంగతి బాబాయి గారూ. ఈ పీట ఎవరిది?"

సింహాచలం చేతికర్ర అటు మార్చాడు, ఇటు మార్చాడు. "అది… ఎందుకులెండమ్మా."

"దిలీప్ ఇవాళ జైలుకి వెళ్తున్నాడు. ఇప్పుడు కూడా ఎందుకులెండి అంటారా?"

ముసలాయన గడప మీద కూలబడ్డాడు. "ఆమెదమ్మా. మహాలక్ష్మమ్మది. కతలన్నీ ఆమెవే. ఈయన రాత, ఆమె కత. ఆమెకి చదువు లేదు, ఈయనకి ఊహ లేదు. ఆ పీట మీద కూకుని బియ్యంలో రాళ్ళేరుతూ ఆమె చెప్పేది, ఈయన రాసుకునేవాడు. మొదటి నవల కాడి నించీ అంతే."

ఝాన్సీ కుర్చీ పట్టుకుంది. "అబద్ధం."

"అబద్ధమెందుకమ్మా? ఈయన హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ వైరు కలిపింది నానే కదా. సినిమావాళ్ళు కూకోబెట్టి కత చెప్పండీ అంటే, రేపు చెప్తానండీ అని లేచొచ్చీసేవాడు. సాయంకాలం సికింద్రాబాద్ స్టేషన్‌కెళ్ళి, తెలిసినోళ్ళ కాడ రైల్వే ఫోన్ ఎత్తేవాడు. ఇక్కడ బోర్డు మీద నాను. నా క్వార్టర్‌కి ఆఫీసు ఫోన్ ఉండేది కదా, ఆమె మా ఇంటికొచ్చి కూకుని కత చెప్పేది. అటు ఆయన రాసుకునేవాడు."

"మీరు వినేవాళ్ళా?"

"ఇనకుండా ఎలాగమ్మా? ఎవడు చంపాడో తెలీకుండా ప్లగ్గెలా పీకుతాను?" అంత దుఃఖంలోనూ ఆయన పెదవుల మీద చిన్న నవ్వు కదిలి పోయింది. "తరవాత బోర్డులు తీసీసి ఆటోమేటిక్ మిషన్లు ఎట్టీసారు. నన్ను వేరే ఆఫీసుకి మార్చీసారు. ఆయన కతలు అక్కడితో ఆగిపోనాయి. పొగరెక్కింది, తాగుడెక్కింది అని సినిమావాళ్ళు నోటికొచ్చింది అన్నారు. అసలు సంగతి ఫోన్ పోయిందమ్మా, అంతే."

"ఆమె పేరు ఒక్క పుస్తకం మీద కూడా…"

"ఆమే వద్దంది. హత్యల కతలు చెప్పే ఆడదాన్ని కాలనీలో ఎవరు పేరంటానికి పిలుస్తారని."

ఝాన్సీకి ముందు కోపం వచ్చింది. చిన్నప్పట్నుంచీ ఎవరి ఫోటోకి మనసులో దండం పెట్టుకుందో ఆ మనిషి ఉత్త చెయ్యి మాత్రమే. తర్వాత సిగ్గేసింది. పొద్దున్న తన ఎదురుగా కూర్చుని వెళ్ళిన మనిషినే తను గుర్తుపట్టలేదు. టీ అయినా ఇవ్వలేదు. ముసలావిడ చాదస్తం అనుకుంది!

ఆ వెంటనే ఆమెకి ఇంకోటి తట్టింది.

"బంగార్రాజు ఆ రోజు ఎప్పుడొచ్చాడు బాబాయి గారూ?"

"శవాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయాక. తఖత్‌పూర్‌లో ఉన్నానని చెప్పాడు. వచ్చీ రాగానే ఈ గుమ్మంలోనే పడి ఏడ్చాడు. ఆపలేకపోయాం."

"శవం వెళ్ళాక వచ్చాడు. అంటే ఇక్కడ దీపం ఆయన పెట్టలేదనే కదా అందరి లెక్క?" ఝాన్సీ ఫోటో ఎత్తి చూపించింది. "దీపం కింద ఈ గ్లాసు చూడండి."

సింహాచలం కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "గ్లాసు బోర్లించేది… బంగార్రాజొక్కడే కదమ్మా. మిగతావోళ్ళం నేల మీదే ఎడతాం."

"మా నాన్న పోయినప్పుడు కూడా ఇలాగే పెట్టాడు. ఎందుకు మావయ్యా అని అడిగితే, గాలికి ఆరిపోకుండా తల్లీ అన్నాడు." ఝాన్సీ మనీష్ వైపు తిరిగింది. "ఈ ఊళ్ళో ఏ తెలుగింట చావు జరిగినా ముందు వచ్చేది ఆయన. కాలి బొటనవేళ్ళు కట్టేది ఆయన, దీపం పెట్టేది ఆయన. స్నేహితుడి మొహం మీద దిండు అదిమాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేకపోయింది. అలవాటుకొద్దీ వంటింట్లోకి వెళ్ళి నూనె తెచ్చింది, గ్లాసు తెచ్చింది. చిన్నతల్లిని చంపింది ఎవరో చంద్రమౌళికి తెలిసిపోయిందని కదా ఈ పని చేశాడు!"

"కాగితాలు పట్టుకుపోయాడు కదా," అన్నాడు మనీష్. గొంతులో వెనకటి వెటకారం లేదు. "ఇక ఆయనకి భయం లేదు. ఆమెకి ప్రమాదమేముంది?"

"అయ్యో, ఇంకా అర్థం కాలేదా? ఆయన చంపింది రాసే చేతిని. కథ ఆమె నోట్లో ఉంది! ఆ సంగతి ఆయనకి తెలిసిన మరుక్షణం ఆమె బతకదు. బాబాయి గారూ, నిద్రకి ఎప్పుడు బయల్దేరారు?"

"ఇందాకే. ఆయన కార్లోనే. ఆయనే నడుపుకుంటా…"

మిగతాది వినకుండానే ఇద్దరూ వీధిలోకి పరుగెత్తారు.

జీపు ఊరు దాటి తఖత్‌పూర్ రోడ్డెక్కింది. మనీష్ స్టీరింగ్ మీదికి వంగిపోయి నడుపుతున్నాడు. ఝాన్సీ మహాలక్ష్మమ్మ నంబరు మూడోసారి నొక్కబోతుండగా తన ఫోనే మోగింది. అదే నంబరు.

"అమ్మా! ఎక్కడున్నారు?"

అవతల గాలి హోరు. కారు ఇంజిన్ చప్పుడు, దాని మీద మహాలక్ష్మమ్మ గొంతు. ఝాన్సీతో కాదు ఆమె మాట్లాడుతున్నది. మధ్యలో పెట్టీకు, అంది కదా! ఝాన్సీ రికార్డింగ్ బటన్ నొక్కి, స్పీకర్ పెట్టి, పెదవుల మీద వేలు ఉంచుకుంది.

"…ఆవేళ పిల్లోడికి పాలు కాస్తన్నానన్నయ్యా. మా పాత క్వార్టర్ వంటింటి కిటికీలోంచి లైను కనిపించేది కదా. చిన్నతల్లి ఒకడితో మాటాడతంది. పెళ్ళి చేసుకుంటానన్నావు కదా అని ఏడస్తంది. ఆడు దాని పీక పట్టుకున్నాడు. ఆ పిల్ల కాళ్ళు కొట్టుకోవడం కూడా నాకు కనిపించింది."

"ఏటి చెల్లెమ్మా ఈ మాటలు?" బంగార్రాజు గొంతు. "ఇవాళ ఇలాంటియి మాటాడకూడదు."

"ఆఖరి చేప్టరన్నయ్యా."

"ఆ కాగితాల్లో ఇది లేదే!"

జీపులో మనీష్ చూపు రోడ్డు మీంచి ఫోన్ మీదికి తిరిగింది.

"ఏ కాగితాలన్నయ్యా?" అంది మహాలక్ష్మమ్మ నెమ్మదిగా.

ఫోన్లో గేరు మారిన చప్పుడు వచ్చింది. ఝాన్సీ కళ్ళు మూసుకుంది. బంగార్రాజు నోరు జారిన ఆ ఒక్క మాటతో దిలీప్ బయటపడ్డాడు. తల్లి కావాలనుకున్నది తల్లికి దొరికింది. అమ్మా, ఇక చాలు, ఇక్కడితో ఆపెయ్యి అని ఆమె మనసులో మొరపెట్టుకుంది. కానీ ఆ గొంతు ఆగలేదు. ముప్పై ఏళ్ళు లోపల దాచుకున్న కథ ఇప్పుడు ఎవరు ఆపమంటే ఆగుతుంది?

"బావ నీకు చదివి ఇనిపించాడా ఇదంతా?" బంగార్రాజు గొంతు గరగరలాడింది.

"ఆయన నాకు ఇనిపించడమేటన్నయ్యా! నలభై ఏళ్ళూ ఆయనకి చెప్పింది నాను. ఆయన రాసుకున్నాడంతే. ఈ ఒక్కటీ చెప్పడానికి ఏడాది నించీ నాకు నోరు రాలేదు. నీ పేరు చెప్పాలి కదా మరి. పుట్టింటోళ్ళు పోయాక పసుపూ కుంకం ఎట్టిన అన్నవి కదా నువ్వు."

కారు వేగం తగ్గిన చప్పుడు వినిపించింది.

"ఆ పిల్ల లైను మీద పడున్నాక నువ్వు వెళ్ళిపోయావనుకున్నాను. మళ్ళీ వచ్చావు. గ్లాసు బోర్లించి దీపం ఎట్టావు. రైలొచ్చీదాకా అది అలాగే వెలిగింది. ఆ బుధవారం నాడు సంచీ పట్టుకుని మా ఆయన గదిలోకొచ్చి చూద్దును కదా, అదే గ్లాసు, అదే దీపం. నాకింకేటి చెప్పాలన్నయ్యా ఎవరైనా?"

చక్రాల కింద కంకర నలిగింది. బ్రేకు పడింది.

"ఏటి, ఇటు తిప్పీసావు?" మహాలక్ష్మమ్మ మాట ఒక్కొక్కటీ విడివిడిగా, స్పష్టంగా వచ్చింది. ఒకప్పుడు సికింద్రాబాదులో రాసుకునే మనిషికి అందాలని ఎలా చెప్పేదో అలాగే చెబుతోంది. "ఇది తఖత్‌పూర్ దారి కాదు కదన్నయ్యా. ఇది చకర్‌భాటా ఎయిర్‌పోర్టు గోడ. వెనకపక్క తుమ్మచెట్ల కాడ ఆపావెందుకూ?"

"చకర్‌భాటా!" ఝాన్సీ గొంతు కీచుమంది. "జీపు తిప్పు! మనం పూర్తిగా ఎదురు దిక్కున ఉన్నాం!"

మనీష్ జీపును రోడ్డు మీదే వెనక్కి కొట్టి తిప్పాడు. వైర్‌లెస్‌లో చకర్‌భాటా ఠాణాని పిలుస్తున్నాడు, ఎయిర్‌పోర్టు వెనక గోడ, జల్దీ, జల్దీ అని అరుస్తున్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. జన్మలో తెలుగు నవల చదవని మనిషి, ఒకదాని ఆఖరి అధ్యాయం చెవులారా వింటున్నాడు.

ఫోన్లో కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. అడుగులు చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చాయి. రెండో తలుపు తెరుచుకుంది.

"దిగు చెల్లెమ్మా," అన్నాడు బంగార్రాజు. ఏడుస్తున్నాడు.

"దిగుతాను. చెయ్యందుకో, నడుం పట్టీసింది," అంది మహాలక్ష్మమ్మ. ఆమె గొంతులో బెదురు లేదు, తొందర లేదు. "మరి దీపం తెచ్చావా అన్నయ్యా?"